ఆది జాకెట్ల సవినయ విసర్జన

మండపేటలో ఆడవాళ్ళకు భయపడని మగవాడు ఉన్నాడో లేడో తెలియదు గాని, ఆ భయాన్నే పెట్టుబడిగా పెట్టి ఇరవయ్యారేళ్ళుగా దుకాణం నడుపుకొస్తున్నవాడు మాత్రం గవర్రాజు ఒక్కడే. నవరత్న లేడీస్ టైలర్స్ యజమాని. మెడలో టేపు, చేతిలో చాక్‌పీసు, ముఖాన ఎల్లవేళలా ఒక క్షమాపణ. గుమ్మంలో ఎవరి నీడ పడినా సరే, ఏం తప్పు జరిగిందో తెలియకముందే కుట్లు విప్పి మళ్ళీ వేస్తానని మాట ఇచ్చేసేవాడు. కొత్త గుడ్డ ఇవ్వడానికి వచ్చినవాళ్ళక్కూడా ఇచ్చేసేవాడు.

ఆ దుకాణానికి పరువంతా ఒక చెక్క బీరువాలో ఉండేది. మిగతా టైలర్లు గుడ్డ ఇచ్చిన ప్రతిసారీ ఆది జాకెట్టు తెమ్మంటారు, పాత జాకెట్టు కొలత లేకుండా కొత్తది కుట్టలేరు గనక. గవర్రాజు దగ్గర ఆ తిరుగుడు లేదు. ఒక్కసారి ఆది ఇస్తే అది బీరువాలోనే ఉంటుంది, పేరు రాసిన చీటీ గుండుసూదితో గుచ్చుకుని. అలా రెండువందల పది ఆది జాకెట్లు అక్కడ కాపరం ఉండేవి. "నా ఆది నవరత్నలో ఉంది" అని ఒకావిడ అందంటే, ఇక ఆవిడ జాకెట్ల సంగతి ఈ జన్మకు తేలిపోయిందని అర్థం.

ఆ రెండువందల పదిలో అన్నిటికంటే పాతది బాలాత్రిపురసుందరమ్మ గారిది. ఆవిడ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. గవర్రాజుకు ఎనిమిదో తరగతిలో లెక్కలు చెప్పింది, అంటే చెప్పి చూసింది. అతను నిక్కర్లూ చొక్కాలూ కుట్టడం మాత్రమే నేర్చుకుని, ధైర్యం చేసి లేడీస్ టైలర్స్ అని బోర్డు కట్టిన రోజున మొదటి గుడ్డ ఆవిడే ఇచ్చింది. ఆ జాకెట్టు పదకొండుసార్లు వెనక్కి తెచ్చింది. "ఏరా గవర్రాజూ, అప్పుడు నీకు వృత్తం రాలేదు, ఇప్పుడు చంకా రావడం లేదు. రెండూ ఒకటేరా వెధవా" అని చాక్‌పీసు లాక్కుని టేబులు మీద గీసి చూపించింది. పన్నెండోసారి చెయ్యి సరిగ్గా కూర్చుంది. ఆ తర్వాత మండపేటలో నవరత్న చంకకు తిరుగు లేకుండా పోయింది. ఆవిడ మాత్రం తిరగడం మానలేదు. కుట్టిన ప్రతి జాకెట్టుకూ ఏదో ఒకటి చెప్పేది. చెప్పి మెట్టు దిగి, మళ్ళీ ఎక్కి, మరొకటి చెప్పేది.

ఇలా భయభక్తులతో కాలం గడుస్తుండగా, చిరు వ్యాపార సామర్థ్య వికాస మండలి అనే ప్రభుత్వ సంస్థ వారు వర్తక సంఘం హాల్లో సభ పెట్టారు. ఉప్మా పెసరట్టు పెడతారంటే గవర్రాజూ వెళ్ళాడు. మండలి తరపున వచ్చినాయన పరాంకుశం గారు, క్షేత్ర సామర్థ్య అధికారి. ఆయన ఇంట్లో ఎలా మాట్లాడతాడో తెలియదు, సభలో మాత్రం గెజెట్టు చదివినట్టు మాట్లాడతాడు.

"వినియోగదారులనగా ఒక కాలువ వంటివారు" అన్నాడాయన. "కాలువయందు పూడిక పేరుకొనుట సహజము. అయిదింట నాలుగు వంతుల శ్రమ అయిదింట ఒక వంతు వినియోగదారుల వలననే కలుగుచున్నదని మండలి అధ్యయనమున తేలినది. సదరు అయిదో వంతును గుర్తించి, సవినయముగా విసర్జించుటయే ఈ పథకము."

ఎదుటివాడి పెసరట్టు వంక చూస్తున్న గవర్రాజు తల తిప్పాడు. కస్టమరు టైలర్ని మార్చడం అతను ఎరుగును. టైలరు కస్టమర్ని మార్చవచ్చని, పైగా అలా చేస్తే ప్రభుత్వం వారు మెచ్చుకుంటారని అతనికి ఆ రోజే తెలిసింది. లేచి నిలబడి, తీసేస్తే వాళ్ళేమీ అనరా అండీ అని అడిగాడు. విసర్జింపబడినవారికి అనే హక్కు నిబంధనలలో కల్పించబడలేదని పరాంకుశం గారు జవాబిచ్చాడు. ఇరవయ్యారేళ్ళుగా వంగిపోయిన గవర్రాజు నడుము ఆ మాటతో రెండంగుళాలు నిటారైంది. ఊళ్ళో మొట్టమొదట దరఖాస్తు పెట్టింది అతనే.

మండలి వారు ఒక పెద్ద పుస్తకం ఇచ్చారు. పేరు భార నమోదు పుస్తకము. కస్టమరు మాట్లాడిన ప్రతి నిమిషానికి ఒక మార్కు, అడిగిన ప్రశ్నకు రెండు, కుట్లు విప్పించినందుకు అయిదు, వేరే టైలరు పేరెత్తితే పది. అద్దం ముందు నిట్టూర్పుకు అర మార్కు. అది నిట్టూర్పో మామూలు ఊపిరో తెలిసేదెలాగని గవర్రాజు నిజాయితీగా అడిగాడు. "సందేహము కలిగినచో నిట్టూర్పుగానే పరిగణించవలెను" అన్నాడు పరాంకుశం గారు. మూడు నెలలకోసారి మార్కులు కూడి, ఎక్కువ వచ్చిన అయిదో వంతు మందిని తీసెయ్యాలి. ఏడాది పొడుగునా ఆ క్రమం తప్పనివాళ్ళకు ఆదర్శ వ్యాపారి బిరుదు, శాలువా, గోడకు కొట్టుకోవడానికి ఇత్తడి పలక.

గవర్రాజు అద్దం ఎదురుగా ఒక గోడ గడియారం వేలాడదీశాడు. కస్టమరు నోరు విప్పగానే అతని కళ్ళు గడియారం మీదికి పోయేవి, చెయ్యి పుస్తకం మీదికి పోయేది. సుందరమ్మ గారు వచ్చిన రోజు పద్నాలుగు నిమిషాలు, తొమ్మిది ప్రశ్నలు, ఒక ఆల్ట్రేషను, రెండు నిట్టూర్పులు రాసుకున్నాడు. ఆవిడ ఏం చెప్పిందన్నది మాత్రం రాసుకోలేదు, దానికి పుస్తకంలో గడి లేదు.

ఇదంతా అతని భార్య మంగతాయారు చూస్తూనే ఉంది. దుకాణంలో హుక్కులూ కాజాలూ ఆవిడ పని. నలభై ఏళ్ళు దాటిన దగ్గర్నుంచి సూదిలో దారం ఎక్కించడానికి తప్ప మరి దేనికీ తల ఎత్తడం ఆవిడకు ఇష్టం లేదు. ఆ రోజు ఎత్తింది.

"ఏవండీ, చంక పట్టేసిందని చెప్పే మనిషిని పంపేస్తే, చంక పట్టడం మానేస్తదేటండీ?"

గవర్రాజు గడియారం చూసి, ఇంట్లోవాళ్ళ ప్రశ్నలకు మార్కులు వేసే పద్ధతి ఇంకా రాలేదని, వచ్చాక చూస్తానని చెప్పాడు. ఆవిడ మళ్ళీ సూదిలోకి దిగిపోయింది.

మొదటి మూడు నెలలకు లెక్క తేలింది. రెండువందల పదిలో అయిదో వంతు నలభై రెండు. సుందరమ్మ గారికి మూడువందల పన్నెండు మార్కులు. ఆవిడ తర్వాతి ఆవిడకు నూటనలభై. ఎనిమిదో తరగతి పాపం ఇంకా వెంటాడుతున్నట్టు గవర్రాజు ఆవిడ పేరు వదిలేసి నలభై మూడో పేరు రాసుకున్నాడు. తనిఖీకి వచ్చిన పరాంకుశం గారు కళ్ళజోడు సవరించుకుని, పథకమునందు మొహమాటమునకు పద్దు లేదని చెప్పి, ఆవిడ పేరు స్వహస్తాలతో మొట్టమొదట చేర్చాడు.

కాగితం కూడా మండలి వారిదే, పేరూ మార్కులూ నింపుకుంటే చాలు. "చిరు వ్యాపార సామర్థ్య వికాస మండలి వారి ఉత్తర్వులను పురస్కరించుకొని తమకు తెలియజేయునది ఏమనగా, తమరు సదరు దుకాణమునకు 312 మార్కులు గల భారమై యున్నట్లు నిర్ధారణ అయినందున, తమరిని సవినయముగా విసర్జించడమైనది. తమరి ఆది జాకెట్టు ఒకటి ఇందువెంట జతపరచడమైనది." దానితోపాటు విసర్జితుల అభిప్రాయ సేకరణ పత్రం. తమను తీసేసిన తీరు తృప్తికరమా, మిక్కిలి తృప్తికరమా, అత్యంత తృప్తికరమా అన్న మూడు గడుల్లో ఒకదానిలో టిక్కు పెట్టి పంపాలి.

సుందరమ్మ గారి ఇల్లు దుకాణానికి రెండు సందుల అవతల. గవర్రాజు ఆవిడ ఆది జాకెట్టును మడతపెట్టి, మళ్ళీ విప్పి, ఇస్త్రీ చేసి, రిజిస్టరు పోస్టులో పంపాడు. ఆ వారమంతా గుమ్మంలో నీడ పడితే కత్తెర కింద పెట్టేసేవాడు. ఆవిడ రాలేదు. వారం తర్వాత పత్రం ఒక్కటే వచ్చింది. అత్యంత తృప్తికరము అన్న గడిలో టిక్కు, కింద పొందికైన సంతకం. ఇంకో అక్షరం లేదు. గండం గడిచిందని గవర్రాజు ఆ సాయంత్రం పకోడీలు తెప్పించాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు అతని జీవితంలో స్వర్ణయుగం. దుకాణంలో చీమ చిటుక్కుమంటే వినపడేది. టీ వేడిగా ఉండగానే తాగడం ఎలా ఉంటుందో అతనికి మొదటిసారి తెలిసింది. మిగిలిన కస్టమర్లు గుడ్డ ఇచ్చేవారు, జాకెట్టు తీసుకునేవారు, తల ఊపి వెళ్ళేవారు. తన పనితనం ఇంతలా పెరిగిపోయిందేమిటా అని గవర్రాజు తనను తానే మెచ్చుకుని, ఆ మాట పదిమంది దగ్గరా అని, ఇత్తడి పలక కొట్టుకోవడానికి గోడ మీద చోటు చూసుకున్నాడు.

ఊరు మాత్రం ఇంకో లెక్క కట్టింది. తీసేసిన నలభై రెండు మందీ సామాన్యులు కారు. ఏ జాకెట్టుకు ఏ మెడ ఉండాలో, అంచు ఎంత కనబడాలో ఊరికి చెప్పగలవాళ్ళు. వాళ్ళు ఆ కాగితాన్ని దాచుకోలేదు, పదిమందికీ చూపించుకున్నారు. ఒక పెళ్ళిలో వడ్డనలు అవుతుండగా, "నావి నూట ఇరవై మార్కులు" అని ఒకావిడ అంటే, "నావి నూట ముప్పై, నాకు ఏదీ ఓ పట్టాన నచ్చదు కదా" అని ఇంకొకావిడ అంది. అదే పంక్తిలో కూర్చున్న మూడో ఆవిడ, స్వీటు షాపు వారి కోడలు రాజారత్నం, ఇంకా నవరత్నలోనే ఉంది. నీకు కాగితం రాలేదా అని అడిగి, ఆ ఇద్దరూ ఆవిడ జాకెట్టు వంక ఒకసారి చూసి, మాట మార్చి బూరెల సంగతి ఎత్తారు.

మర్నాడు పదింటికల్లా రాజారత్నం దుకాణంలో స్టూలు వేసుకుని కూర్చుంది. తనకు కాగితం ఎందుకు రాలేదో చెప్పమంది. ఎలా కుట్టినా నోరు మూసుకుని తొడుక్కునే రకమని తనను అనుకుంటున్నాడా అని నిలదీసింది. మీవి ఆరే మార్కులు అమ్మా, మీరు బంగారం అని గవర్రాజు బతిమాలాడు. ఆవిడ వినలేదు. మధ్యాహ్నం దాకా ప్రశ్నలు అడుగుతూనే ఉంది, అడగడానికి ఏమీ మిగలకపోతే కత్తెర ఎక్కడ కొన్నారని అడిగింది. లేచేముందు అద్దం ఎదుట నిలబడి, అవసరం లేకపోయినా పన్నెండు నిట్టూర్పులు విడిచి, అన్నీ రాసుకున్నాడో లేదో పుస్తకం లాక్కుని చూసింది.

ఆ వారం దుకాణం ముందు వరస కట్టారు. మామూలుగా పెదవి విప్పని ఆడవాళ్ళు కూడా పొరుగూరి టైలర్ల పేర్లు కంఠస్థం చేసుకొచ్చి ఏకరువు పెట్టారు. అందరికీ మార్కులు వేసి వేసి గవర్రాజు చూపుడువేలు వాచింది. పరిస్థితి చెయ్యి దాటిపోయిందని మండలికి రాసుకున్నాడు. పరాంకుశం గారు పరమానందంతో దిగాడు. "భారము బహిర్గతమగుచున్నది. ఇది పథకము సఫలమగుచున్నదనుటకు నిదర్శనము" అని, అడిగినవాళ్ళకు అడిగినట్టే కాగితం ఇచ్చేందుకు స్వచ్ఛంద విసర్జన అనే కొత్త నిబంధన అక్కడికక్కడే రాసి ముద్ర కొట్టాడు. పిచ్చి కుదిరింది తలకు రోకలి చుట్టమన్నాడట వెనకటికెవడో. గవర్రాజు ఆ రోకలి చుట్టించుకుంటూ, ఇంకాస్త బిగించండి అన్నట్టుగా నమస్కారం పెట్టాడు.

ఏడాది తిరిగేసరికి బీరువాలో పంతొమ్మిది ఆది జాకెట్లు మిగిలాయి. మిషన్ల మీద కుట్టే ఇద్దరు పనివాళ్ళూ, చేతిలో పని లేక ఒకరి తర్వాత ఒకరు రామచంద్రపురం వెళ్ళిపోయారు. మంగతాయారు కాజాల డబ్బా మూత పెట్టి, దుకాణం వెనకాల మినప్పప్పు ఏరుకోవడం మొదలుపెట్టింది. ఇంట్లో పొయ్యి మీదికి రేపటికి ఏమిటన్న ప్రశ్న వచ్చిందని ఆవిడ రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పలేదు.

మండలి దృష్టిలో మాత్రం నవరత్న జిల్లాకే తలమానికమైంది. పొరుగు పట్టణాల నుంచి వ్యాపారులను వ్యాన్లలో తెచ్చి చూపించసాగారు. మనుషులు లేని దుకాణాన్ని చూడటానికి మనుషులు వచ్చేవారు. చెప్పులు బయట విడిచి, గుడిలో లాగా గొంతు తగ్గించి, ఖాళీ స్టూలు వంకా ఖాళీ బీరువా వంకా తదేకంగా చూసేవారు. ఒక హోటలు యజమాని కళ్ళు చెమర్చి, తన దగ్గరికి ఇంకా రోజుకు మూడువందల మంది వస్తున్నారని, ఎప్పటికి బాగుపడతానో తెలియడం లేదని గవర్రాజు చేతులు పట్టుకున్నాడు. గవర్రాజు అతని భుజం తట్టి, ఓపిక పట్టమన్నాడు. ఓదార్చడం బాగానే కుదిరిందని ఆ రాత్రి తనకే ముచ్చటేసింది. పప్పుచారులో పప్పు పలచబడిన సంగతి తర్వాత తట్టింది.

ఆదర్శ వ్యాపారి బిరుదు ప్రకటించి, ఇత్తడి పలక ఇచ్చారు. దానితోపాటు ఆదర్శ వినియోగదారును కూడా సన్మానించాలని మండలి తీర్మానించింది. పుస్తకం తిరగేస్తే ఒక్క పేరు దొరికింది. గుణ్ణం సత్యవేణి, పక్క ఊరు. నాలుగు త్రైమాసికాల్లోనూ సున్నా. ఒక్క నిమిషం మాట్లాడలేదు, ఒక్క ప్రశ్న అడగలేదు, ఒక్కసారీ నిట్టూర్చలేదు. "ఇట్టి వినియోగదారు మండలి చరిత్రలో అపూర్వము" అని పరాంకుశం గారు శాలువా, పూలదండ, ఫొటోగ్రాఫర్ని కారులో ఎక్కించాడు. ఆవిడ ఆది జాకెట్టు పళ్ళెంలో పెట్టుకుని గవర్రాజు ముందు సీట్లో కూర్చున్నాడు. ఆవిడ ముఖం ఎలా ఉంటుందో దారి పొడుగునా గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించి, గుర్తు రాకపోవడం కూడా ఆవిడ గొప్పతనమేనని సరిపెట్టుకున్నాడు.

ఇంటి అరుగు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు, సత్యవేణి భర్త. సన్మానమని చెప్పగానే ఆయన లేచి లోపలి గది తలుపు తీశాడు. గోడ మీద ఫొటో, ఫొటోకి గంధపు దండ. పోయి మూడేళ్ళు దాటిందండి అన్నాడు.

ఫొటోగ్రాఫరు కెమేరా దించేశాడు. పరాంకుశం గారు మాత్రం జేబులోంచి నిబంధనల పుస్తకం తీసి, వేలు తడుపుకుని పుటలు తిప్పాడు. "మరణము అనర్హతగా ఎచ్చటను పేర్కొనబడలేదు" అని, శాలువా ఫొటోకు కప్పి, గ్రహీత సంతకము అన్న చోట పెద్దాయన చేత వేలిముద్ర వేయించుకున్నాడు.

గవర్రాజు పళ్ళెం చాపాడు. పెద్దాయన ఆ జాకెట్టును రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. బట్టలన్నీ పంచేశారని, ఆవిడది ఒక్క గుడ్డముక్క కూడా ఇంట్లో లేదని, ఇన్నాళ్ళూ ఇది ఉందని తనకు తెలియదని అంటూ, భుజం కుట్టు మీద బొటనవేలితో రాస్తూ ఉండిపోయాడు. ఇరవయ్యారేళ్ళలో తన బీరువాలోని జాకెట్టును ఎవరూ అంత నెమ్మదిగా పట్టుకోలేదు. అలాంటివి నూట తొంభై పైచిలుకు, ముద్ర కొట్టిన కాగితాలతో జతచేసి, తను ఇళ్ళకు విసిరేశాడు.

మంచినీళ్ళు తెచ్చిన కోడలు వీరలక్ష్మి కూడా నవరత్న కస్టమరే. పుస్తకంలో ఆవిడకు రెండే మార్కులు. గ్లాసు అందించడానికి ఆవిడ వంగినప్పుడు గవర్రాజు కంటికి పిన్నీసు కనిపించింది. తన చేత్తో కుట్టిన జాకెట్టు, మూడు నెలలైనా కాలేదు. మెడ జారిపోకుండా భుజం దగ్గర పిన్నీసు, చంక కింద వేరెవరో వేసిన పెద్ద పెద్ద చేతికుట్లు. టైలరుకు అంతకంటే పెద్ద చెంపదెబ్బ ఉండదు. బాగా లేదని ఒక్క మాట తనతో ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాడు.

"సెబ్దామనే వచ్చానండి" అంది వీరలక్ష్మి. "తమరు గోడ గడియారం కేసి సూత్తన్నారు. సరేలే, మనిషి పనిలో ఉన్నారు, పిన్నీసెట్టుకుందాంలే అనుకుని వచ్చేశానండి."

తిరుగు దారిలో పరాంకుశం గారు వచ్చే ఏడాది ప్రణాళిక వివరిస్తున్నాడు. మిగిలిన పంతొమ్మిదిలో అయిదో వంతు మూడు పాయింటు ఎనిమిది అవుతుందని, భిన్నమును పూర్ణాంకముగా భావించి నలుగురిని తీయవలెనని, ఆ విధముగా రెండు మూడేళ్ళలో నవరత్న రాష్ట్రములోనే ప్రథమ భారరహిత సంస్థ కాగలదని చెప్పాడు. గవర్రాజు దుకాణం దాకా ఆగకుండా మార్కెట్టు దగ్గరే కారు దిగిపోయాడు.

అక్కడ కూరగాయల వరసలో నిలబడి ఆడవాళ్ళ భుజాలు చూశాడు. చూసేవాళ్ళు ఏమనుకుంటారన్న ధ్యాస కూడా లేదు. తను కుట్టినవి దూరం నుంచే ఆనవాలు పట్టగలడు. ఒకదానికి పిన్నీసు. ఒకదానికి చెయ్యి మెలితిరిగి ఉంది. ఇంకొకావిడ జాకెట్టు వీపు కనబడకుండా పైట నిండా కప్పుకుంది. స్వర్ణయుగంలో తల ఊపి వెళ్ళినవాళ్ళే అందరూ. తన చెయ్యి ఏడాదిగా చెడిపోతూ ఉంటే ఊరంతా మర్యాదగా పిన్నీసులు పెట్టుకుంది. వరసగా చెప్పి చంపే నలభై రెండు నోళ్ళనూ ఏరి ఏరి మూయించింది తనే. తన అంత తెలివైనవాడు జిల్లాలో లేడని ఇత్తడి పలక కూడా ఇచ్చారు, ఇక సందేహించడానికి ఏముంది అనుకుని గవర్రాజు ఉల్లిపాయల బస్తా మీద కూర్చున్నాడు. కొనకపోతే లెమ్మన్నాడు కొట్టువాడు.

ఇంటికి వచ్చి పడమటి గదిలో ఉన్న తెల్ల లాంగ్‌క్లాత్ ముక్క తీశాడు. సుందరమ్మ గారి ఆది తన దగ్గర లేదు, రిజిస్టరు పోస్టులో వెళ్ళిపోయింది. టేపు కూడా అక్కర్లేకుండా, ఇరవయ్యారేళ్ళ జ్ఞాపకం మీద గీశాడు. చంక గీసేటప్పుడు చాక్‌పీసు ఆగి ఆగి నడిచింది. మంగతాయారు పప్పు పక్కన పెట్టి వచ్చి, అడగకుండానే హుక్కులు కుట్టి ఇచ్చింది.

"ఎల్లి చీవాట్లు తిని రండి" అంది. "ఓ నాలుగు ఎక్కువే తినండి. కడుపు నిండుద్ది."

నిజంగానే గవర్రాజు చీవాట్ల మీద ఆశతోనే వెళ్ళాడు. వెధవా అంటుంది, బుద్ధుందా అంటుంది, ఆ కాగితం మొహాన కొడుతుంది, పదకొండుసార్లు తిప్పుతుంది. పన్నెండోసారికి తన చెయ్యి తనకు తిరిగి వస్తుంది. ఆవిడ ఒక్కతె మళ్ళీ మెట్టెక్కితే మిగతా ఊరు వెనకాలే వస్తుంది. అంతకుమించి అతనికి కావలసింది ఏమీ లేదు.

సుందరమ్మ గారు వరండాలో పేపరు చదువుకుంటోంది. గేటు చప్పుడుకు తల ఎత్తింది.

"రండి గవర్రాజు గారూ. కూర్చోండి."

గవర్రాజు వెనక్కి తిరిగి చూశాడు, ఆ పేరుగలవాడు ఇంకెవరైనా వచ్చాడేమోనని. ఎవరూ లేరు. కుర్చీ చూపించింది, కూర్చున్నాడు. పిల్లలూ భార్యా క్షేమమేనా అని అడిగింది, క్షేమమన్నాడు. ఎండన పడి వచ్చారంటూ గ్లాసుడు మజ్జిగ తెచ్చి చేతికిచ్చింది. అతను తెచ్చిన పొట్లం గురించి చెప్పాలనుకున్నవన్నీ కలగాపులగమై, తప్పయిపోయింది టీచర్ గారూ అన్న ఒక్క ముక్క బయటికి వచ్చింది. దానికేముందండీ, ఎవరి ఇబ్బందులు వారికుంటాయి అంది ఆవిడ. పొట్లం తీసుకుని లోపలికి వెళ్ళి, తొడుక్కుని వచ్చింది.

ఎడమ భుజం మీద నిలువుగా మడత పడింది. అడుగు దూరం నుంచే తెలుస్తోంది. ఈ ఏడాదిలో మనిషి తగ్గింది, భుజం కాస్త కిందికి వాలింది. ఆ సంగతి అతని జ్ఞాపకానికి ఎవరూ చెప్పలేదు. చంక కూడా పట్టినట్టుంది, ఆవిడ చెయ్యి పూర్తిగా దించడం లేదు. గవర్రాజు గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు, తరగతిలో నిలబడినట్టు.

"ఎలా ఉందండి?"

"చాలా బాగుందండీ."

"భుజం దగ్గర మడతొచ్చిందమ్మా. చంక కూడా పట్టేసి ఉంటది, ఓసారి అద్దంలో చూసుకోండి."

"అబ్బే, ఏమీ లేదండీ. చక్కగా కుదిరింది. మీకు అనవసరంగా శ్రమ ఇచ్చాను."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఎత్తిపొడుపు కూడా లేదు. ఉంటే పట్టుకుని వేలాడేవాడు. ముక్కూమొహం తెలియని టైలరుతో, ఇంకోసారి వెళ్ళదలచుకోని దుకాణంలో, పెద్దింటి ఆడవాళ్ళు ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడింది. సవినయ విసర్జన అంటే ఏమిటో పరాంకుశం గారికి తెలియదు, మండలి మొత్తానికి తెలియదు. గవర్రాజుకు ఇప్పుడు తెలిసింది. చేతులు జోడించి మెట్లు దిగాడు.

గేటు దగ్గర చెప్పులు తొడుక్కోవడానికి చాలాసేపు పట్టింది. ఒక చెప్పు తొడిగి, విప్పి, దులిపి, మళ్ళీ తొడిగాడు. ఒరేయ్ అన్న పిలుపు కోసం వీపంతా చెవులు చేసుకున్నాడు. వరండాలో పేపరు పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది, కాసేపటికి ఇంకో పేజీ. గవర్రాజు గేటు గడియ పెట్టి, సందు చివరిదాకా నెమ్మదిగానే నడిచాడు.